గడ్డం కొంచెం పైకి

పొద్దున్నుంచి అత్తగారు స్టూలు దిగలేదు.

స్టూడియో మొత్తానికి ఉన్నది ఆ స్టూలు ఒక్కటే. బీరువా అడుగున దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని దాని మీద బిగిసి కూర్చుంది. వెనక నీలం తెర, ఎదురుగా కెమెరా. కెమెరా వెనక ఉండాల్సిన కొడుకు మాత్రం ప్రింట్లు తీసే చిన్నగదిలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

ముందుగదిలో పాస్‌పోర్టు ఫోటోల కోసం వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళకి సర్దిచెప్పలేక కోడలి ప్రాణం విసిగిపోతోంది. లైటు పాడైందని చెప్పి చూసింది. ఒకాయన తెర పక్కనుంచి తొంగిచూసి, లైటు శుభ్రంగా వెలుగుతోంది కదమ్మా అన్నాడు. పాడైంది లైటు కాదని చెప్పాలనిపించింది గానీ, అలా అంటే పాడైందేమిటో కూడా చెప్పాల్సి వస్తుంది.

అత్తగారికి కావలసింది ఒక్క ఫోటో. తను పోయాక గోడకి తగిలించడానికి.

"మీ నాన్నని పాస్‌పోర్టు ఫోటోలోంచి సాగదీసి గోడకెక్కించాం," అంది చిన్నగది తలుపుకేసి చూస్తూ. గొంతు పెంచలేదు. "పాపం, ఎవరో కాలరు పట్టుకుని నిలదీసినట్టు చూస్తుంటాడు. నలభై ఏళ్ళు అందరికీ ఫోటోలు తీసిన మనిషి. నాకా గతి వద్దు. బతికుండగానే కుదురుగా ఒకటి తియ్యమంటున్నాను."

తలుపు వెనక ప్రింటరు చప్పుడు కూడా లేదు.

"నువ్వు తియ్యకపోతే ఎదురు స్టూడియోకి పోతాను."

దానికి మాత్రం గడియ తీసిన చప్పుడైంది. యాభై దాటినా ఆ ఇంట్లో ఇంకా 'పెద్దాడు' అనే పిలిపించుకుంటున్న కొడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ప్రింటరు ఇంకు వాసనకి అలా అవుతాయని చెప్పుకోవడం అతనికి అలవాటు.

"పొట్టలో రాయికి ఎవరూ పోరమ్మా," అన్నాడు. "చిన్న ఆపరేషను, రెండ్రోజుల్లో ఇంటికి పంపిస్తానని డాక్టరు నీ ఎదురుగానే చెప్పాడుగా. నువ్వు వినలేదా?"

"వినడానికేముంది. చూశానుగా."

ఈ వారంలో ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్క లేదు. కోడలు వెళ్ళి ముందుగదిలోవాళ్ళని రేపు రమ్మంది.

అత్తగారికి మాటల మీద నమ్మకం తక్కువ, మొహాల మీద ఎక్కువ. భర్త కెమెరా వెనక ఉన్నంతకాలం మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టే పని ఆవిడదే. "గడ్డం కొంచెం పైకి" అంటూ ఒక వేలితో గడ్డం ఎత్తి, మొహంలోకి ఒక్క చూపు చూసి, "ఊఁ" అనేది. ఆవిడ ఊఁ అంటే గానీ ఆయన మీట నొక్కేవాడు కాదు. వీధిలో పిల్లలు ఆవిడకి గడ్డంపైకి మామ్మ అని పేరు పెట్టేశారు. వచ్చినవాడు ఇంట్లో పోట్లాడి వచ్చాడో, వయసు తక్కువ చెప్పి ఉద్యోగానికి అర్జీ పెడుతున్నాడో ఆ ఒక్క చూపులో తేల్చేసేది. సగంసార్లు ఆవిడ చెప్పిందే నిజమయ్యేది. మిగతా సగం ఎవరూ వెళ్ళి కనుక్కోలేదు.

అలాంటి ఆవిడకి అంతుబట్టని మొహం ఒక్కటే, పొట్ట డాక్టరుది. ఏళ్ళ తరబడి కడుపులో మంటకీ, అరగనిదానికీ ఆయన దగ్గరికే వెళుతోంది. వెళ్ళిన ప్రతిసారీ ఆయన తల వంచుకుని రాసుకుంటూనే ఉండేవాడు. వీధిలో ఎదురైతే గుర్తుపట్టలేను గానీ, చెప్పు సర్దుకోవడానికి వంగాడంటే ఇట్టే పట్టేస్తానని అనేది. అయినా ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళేది. తలెత్తలేదంటే తన ఒంట్లో తలెత్తి చూడాల్సినంత జబ్బేమీ లేదన్నమాట.

ఒకే ఒక్కసారి ఆయన తలెత్తాడు. అది మామగారి కోసం. పెన్ను పక్కన పెట్టి, కుర్చీ ముందుకు జరుపుకుని, మామగారి చేతి మీద చెయ్యి వేసి, మొహంలోకి చూస్తూ ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో అత్తగారికి గుర్తు లేదు. నెల తిరక్కుండా మామగారు గోడ మీదికి వెళ్ళిపోయారు.

పోయినవారం ఆ డాక్టరే ఆవిడ కోసం పెన్ను పక్కన పెట్టాడు. కుర్చీ జరుపుకున్నాడు. చేతి మీద చెయ్యి వేసి, రాయి సంగతీ ఆపరేషను సంగతీ నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. పక్కనే ఉన్న కోడలు, ఇంత పెద్ద డాక్టరయ్యుండీ ఎంత ఓపికో అని ముచ్చటపడింది. ఆ చేతి కింద అత్తగారి చెయ్యి కొయ్యబారిపోవడం చూడలేదు. చూసి ఉంటే ఈ వారమంతా ఇల్లు ఇలా తగలడేది కాదు.

ఇప్పుడు ఆవిడ ఆపరేషను వద్దంటోంది. పోయేదాన్ని మళ్ళీ కొయ్యడం దేనికంటుంది. రాయి జారి పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడితే చీము పడుతుందని, ఆ వయసులో అది ప్రాణం మీదికి తెస్తుందని డాక్టరు చెప్పిన ముక్క మాత్రం మిగతావాళ్ళని నిద్రపోనివ్వడం లేదు.

మధ్యాహ్నానికి ఆడపడుచు దిగింది. బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరులో పని. సెలవు దొరకడమే కష్టం, దొరికిన సెలవు గొడవకే ఖర్చవుతుంది. వస్తూనే తల్లిని బుజ్జగించి స్టూలు దింపి, ఇంత తినిపించి పడుకోబెట్టింది. కోడలు పొద్దున్నుంచీ చెయ్యలేని పని అది. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీరిద్దరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు."

దాయడానికేమీ లేదని పెద్దాడు రిపోర్టులన్నీ తెచ్చి ముందు పడేశాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. కాగితాలతో తనకి పని లేదంది. అమ్మ ఊరికే బెదిరిపోయే మనిషి కాదని, ఎవరో బెదరగొట్టి ఉంటారని, ఆ ఎవరో డాక్టరు కాకపోవచ్చనీ అంది.

"వదిన మొహం చూసి ఉంటుంది. ఎప్పుడు చూసినా ఎవరో పోయినట్టు పెడతావు వదినా."

"నా మొహం పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంతే," అంది కోడలు గిన్నె తోముతూ. "ఎవరి ఫోటోకీ అడ్డం రాలేదు."

పెద్దాడికి నవ్వొచ్చింది. ఆడపడుచుకి రాలేదు. నవ్వినందుకు అన్ననీ, నవ్వించినందుకు వదిననీ కలిపి దులిపేసింది. కోడలు గిన్నె తోముతూనే ఉంది. ఆమె గొంతు తగ్గించి, "నాన్నప్పుడూ ఇంతే," అన్నాక మాత్రం కోడలి చేతిలో గిన్నె ఆగిపోయింది.

"అంతా అయిపోయేముందు నాకు కబురు పెట్టారు. నేను వచ్చేసరికి ఆయనకి మాట లేదు. ఆయనకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. మీరిద్దరే అంతా మోసేద్దామనుకున్నారు."

అది నిజం. అప్పుడు భయపడుతుందని దాచారు. దూరం నుంచి కంగారుగా పరిగెత్తుకొస్తుందని దాచారు. ఎన్ని కారణాలు చెప్పుకున్నా, తండ్రితో ఒక్క మాటైనా మాట్లాడకుండా మిగిలిపోయింది ఆ పిల్ల.

"ఈసారి ఏదున్నా ముందు నీకే చెప్తాను," అంది కోడలు. "నేను చెప్తాను. మీ అన్నయ్య కాదు."

ఆడపడుచు వచ్చి ఆమె చేతిలో గిన్నె అందుకుని తనే తోమింది. ఆ ఇంట్లో క్షమాపణ చెప్పుకోవడం అంతవరకే.

సాయంత్రం కోడలు ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. పొట్ట డాక్టరు గది ముందు జనం పల్చబడేదాకా బెంచీ మీద కూర్చుంది. పాదాలు పీకుతున్నాయి. స్టూడియో, వంటిల్లు, ఆసుపత్రి, మళ్ళీ స్టూడియో. తనకి ఒంట్లో బాగుండకపోతే ఎవరు తిరుగుతారు అనుకుంది. ఆ ఆలోచన కూడా పూర్తిగా ఆలోచించే ఓపిక లేక వదిలేసింది.

పిలిస్తే లోపలికి వెళ్ళింది. ఆమె కూర్చునేలోపే డాక్టరు పెన్ను పక్కన పెట్టి తలెత్తాడు.

"మీరు రాసుకోండి, పర్లేదు," అంది.

డాక్టరు తెల్లబోయి చూశాడు. అప్పుడు మొదలుపెట్టి ఆమె అంతా చెప్పింది. పెన్ను సంగతి, కుర్చీ సంగతి, మామగారి సంగతి, స్టూలు సంగతి. ఆయన అలవాటుగా కుర్చీ ముందుకి జరుపుకోబోయి మధ్యలో ఆగిపోయాడు. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఈమధ్యే ఆసుపత్రివాళ్ళు డాక్టర్లందరికీ తరగతులు పెట్టారట. వయసైనవాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహంలోకి చూడాలని, వాళ్ళ ఎత్తులో కూర్చోవాలని, చెయ్యి పట్టుకోవాలని నేర్పారట. నేర్పడానికి వచ్చిన అమ్మాయి ఆయన్ని రోగి కుర్చీలో కూర్చోబెట్టి, తను డాక్టరై, ఆయన నొప్పి చెప్పుకుంటున్నంతసేపూ కంప్యూటరుకేసి చూస్తూ కూర్చుందట.

"ఎంతసేపో ఓర్చుకోలేకపోయానమ్మా," అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదా అని సిగ్గేసింది. ఇంటికెళ్ళి మా ఆవిడ మీద అభ్యాసం చేశాను. ఎదురుగా కూర్చుని చెయ్యి పట్టుకుని మొహంలోకి చూస్తే, ఏం రిపోర్టు వచ్చిందో దాచకుండా చెప్పమని ఏడుపు మొదలుపెట్టింది."

ఇద్దరూ నవ్వారు. రోజంతా పనిచేసిన మనుషుల నవ్వు, ఎక్కువసేపు నిలవలేదు.

"నిజంగా రాయేనా?" అని అడిగింది కోడలు.

ఇప్పటివరకు తను చూసింది రాయేనని డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకి ముందు రక్తం, ఇంకో స్కాను తీయిస్తారు, అది అందరికీ మామూలే. అవి అయ్యాక ఒకసారి తీసుకొచ్చి చూపిస్తే చాలన్నాడు.

"అయితే ఆవేళ మాత్రం మీరు తలెత్తకండి," అంది కోడలు. "మునుపటిలాగే ఉండండి. లేకపోతే మా అత్తయ్య ఒప్పుకోరు."

డాక్టరు పెన్ను చేతిలోకి తీసుకుని చూస్తూ కూర్చున్నాడు.

"ఇంత వయసొచ్చాక కష్టపడి నేర్చుకున్నదాన్ని మర్చిపొమ్మంటున్నారు."

"ఒక్కసారికేనండీ."

ఆయన సరేనన్నాడు. ఆ సరే కూడా కాగితంకేసి చూస్తూనే అన్నాడు.

స్కానుకి అత్తగారిని ఒప్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. అది కూడా ఫోటోయే కదమ్మా అని ఆడపడుచు అంటే, పోనీ మొహానిది కాకపోతే పొట్టదైనా ఎవరో ఒకరు తీస్తున్నారు అంటూ కదిలింది. చూపించాల్సిన రోజు కోడలు వెంట వెళ్ళింది. గదిలోకి అడుగుపెడుతూ అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎముకల చెయ్యి, అయినా పట్టు తగ్గలేదు.

డాక్టరు తల వంచుకునే ఉన్నాడు. కూర్చోమని చేత్తో చూపించాడు. పక్కన కంప్యూటరులో కొత్త స్కాను తెరిచి ఉంది. బల్ల మీద కాగితం, కాగితం మీద పెన్ను. ఆయన నడినెత్తి మీద లైటు పడి మెరుస్తోంది. అత్తగారు ఆ మెరుపుకేసి కన్నార్పకుండా చూసింది.

"డాక్టరుగారూ, నాకేం పర్లేదుగా?" అని అడిగింది. పరీక్ష పెట్టడానికే అడిగింది.

"ఊఁ," అన్నాడాయన కాగితంలోకి.

"ఆపరేషనుకి భయం లేదుగా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇక వెళ్ళొచ్చన్నట్టు చెయ్యి కదిపాడు. ఎంత బాగా చేస్తున్నాడో అనుకుంది కోడలు. ఆయన పెన్ను కాగితం మీద ఒకేచోట ఆగి ఉందన్న సంగతి ఆమె కంటికి కనిపించింది గానీ మనసుకి ఎక్కలేదు.

బయటికి వచ్చేసరికి అత్తగారు వేరే మనిషి. నడక తేలికపడింది. అదే నెత్తి, ఏమీ మారలేదంది. పోయినవారం ఆయనకే ఒంట్లో బాగుండలేదేమో, పాపం, అందుకే అలా మీద మీదికి వచ్చాడు అని జాలిపడింది. ఆపరేషను ఎప్పుడంటే అప్పుడే చేయించుకుంటానంది. చాలారోజుల తర్వాత ఆకలేస్తోందని కూడా అంది.

"ఫోటో సంగతి ఇప్పుడు వద్దులే అని పెద్దాడికి చెప్పు. మీ మామగారి పక్కన చోటు కొన్నాళ్ళు ఖాళీగానే ఉండనీ."

కోడలికి అక్కడే బెంచీ మీద పడుకుని నిద్రపోవాలనిపించింది. వారం నుంచి భుజాల మీద ఉన్న బరువు దిగిపోతే ఒళ్ళంతా ఒక్కసారిగా నొప్పి తెలిసింది. అప్పుడే నర్సు తలుపు తీసి పిలిచింది. మందుల చీటీ మీద డాక్టరుగారు సంతకం మర్చిపోయారట, ఒక్కరు వస్తే చాలట.

అత్తగారిని బెంచీ మీద కూర్చోబెట్టి కోడలు వెనక్కి వెళ్ళింది. ఆయనకి థాంక్స్ చెప్పాలనుకుంటూ వెళ్ళింది.

"తలుపు వెయ్యమ్మా," అన్నాడు డాక్టరు.

పెన్ను అప్పటికే పక్కన పెట్టేసి ఉంది. ఆమె కూర్చున్నాక ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. దాని కింద తన చెయ్యి బిగుసుకుపోవడం కోడలికి తెలుస్తూనే ఉంది, కానీ వదులు చేసుకోవడం చేతకాలేదు.

"ఇందాక నేను నటించలేదమ్మా. తలెత్తలేకపోయాను."

రాయి వెనక గడ్డలాంటిది కనబడిందని చెప్పాడు. మొదటి స్కానులో రాయి చాటున పడింది. ఆలస్యం చెయ్యకపోతే తీసేయడానికి వీలుంటుందని తన నమ్మకం, కానీ అది చిన్న ఆపరేషను కాదు, తర్వాత కూడా చాలాకాలం మందులు పడతాయి. కోడలు ఒక్కో మాటా వింటూనే ఉంది. ఆయన కళ్ళ కింద నల్లటి చారలున్నాయని చూసింది. ఇన్నేళ్ళలో ఆ మొహం ఇలా ఉంటుందని తనకీ తెలియదు.

"అత్తయ్యకి రాయి అనే చెప్పి చేసెయ్యకూడదా?" అంది. అడిగాక తన గొంతు తనకే అసహ్యమేసింది.

"మీ మామగారప్పుడు మీరూ మీవారూ అడిగారని ఒప్పుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూస్తూ అబద్ధం చెప్పాను. అందుకే ఆ తర్వాత ఆవిడ వచ్చినప్పుడల్లా తలెత్తాలంటే మరీ భయమేసేది. మళ్ళీ ఆ పని చెయ్యను. ఆవిడ ఒప్పుకున్నది రాయికి. దీనికి ఒప్పుకోవాలంటే ఆవిడకి తెలియాలి. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

రేపు చెప్తానంది కోడలు. ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, ఆడపడుచుని పిలిపించి చెప్తానంది.

"సరే, రేపటికల్లా చెప్పండి," అన్నాడు డాక్టరు. చెయ్యి తీసుకున్నాడు.

తలుపు దగ్గర కోడలు కాసేపు ఆగింది. నవ్వితే అనుమానం వస్తుంది. నవ్వకపోయినా వస్తుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్న మొహమే పెట్టుకుంటే చాలు, కానీ అది ఎలా ఉంటుందో ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. చివరికి సంచీలో తాళాలు వెతుకుతున్నట్టు తల దించుకుని బయటికి నడిచింది.

"చేశాడా సంతకం?" అంది అత్తగారు బెంచీ మీదనుంచి.

"ఆఁ, చేశారు. తాళాలేవో కనబడి చావడం లేదు."

కోడలు ఆవిడ పక్కనే కూర్చుని సంచీలో చెయ్యి పెట్టి కలియబెడుతూనే ఉంది. తాళాలు చేతికి తగిలాయి. వాటిని వదిలేసి మళ్ళీ వెతికింది.

అప్పుడు చల్లటి వేలు ఒకటి ఆమె గడ్డం కింద ఆనింది.

"గడ్డం కొంచెం పైకి, అమ్మాయ్."

వేలు బలంగా లేదు. కోడలు కాదనగలిగేదే. కానీ వారం రోజుల అలసట అంతా మెడలోకి దిగినట్టుంది, ఆ వేలు ఎత్తినంత మేర ఆమె తల లేచింది. అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. స్టూలు మీద కూర్చున్నవాళ్ళని చూసినట్టు ఒక్క చూపుతో సరిపెట్టలేదు. చాలాసేపు చూసింది. ఊఁ అనలేదు.

వేలు తీసి, చెయ్యి తెచ్చి కోడలి చేతి మీద వేసింది.

"తలెత్తాడా?" అని అడిగింది.